మా ఆవిడ కొన్న గ్యాస్ ట్రక్కు

డీజిల్ బండి కొనమన్నాను. ఒకసారి కాదు, వెయ్యిసార్లు చెప్పాను. వినలేదు. మా ఇంట్లో నా మాట చెల్లిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, వాటిలో ఇది లేదు.

అప్పుడు మేం అరిజోనాలో, చాండ్లర్‌లో ఉండేవాళ్ళం. నాది కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. మా ఆవిడ పశువుల డాక్టరు. ఇక్కడికి రాకముందు గుంటూరు జిల్లాలో పశువుల ఆసుపత్రిలో పనిచేసింది. మోపెడ్ మీద ఊళ్ళు తిరిగి గేదెలకు పురుళ్ళు పోసిన మనిషి. నా వెంట డిపెండెంట్ వీసా మీద వచ్చాక ఆ చదువుకి ఇక్కడ విలువ లేకుండా పోయింది. మళ్ళీ పుస్తకాలు పట్టుకుంది. పరీక్ష తర్వాత పరీక్ష రాసి, ప్రాక్టికల్స్ చేసి, ఎట్టకేలకు లైసెన్సు తెచ్చుకుంది. ఆ చదువు సాగినన్నాళ్ళూ మా ఇంట్లో పప్పూ అన్నమే. పప్పు గురించి నేను సణిగి ఉంటానేమో గానీ, ఆ పట్టుదల గురించి మాత్రం ఇప్పటికీ పదిమందికి గొప్పగా చెప్పుకుంటాను.

లైసెన్సు రాగానే తెలిసినవాళ్ళందరిదీ ఒకటే సలహా. ఊళ్ళో కుక్కల క్లినిక్‌లో చేరు, ఏసీలో కూర్చోవచ్చు, నెల తిరిగేసరికి జీతం వస్తుంది అని. ఆవిడకి నచ్చలేదు.

"కుక్కలంటే నాకేం కోపం లేదండీ. కానీ నేను పశువుల డాక్టర్ని. కుక్కల గోళ్ళు కత్తిరించడానికి ఇన్ని పరీక్షలు రాయలేదు," అంది.

మా ఊరికి దక్షిణంగా, ఎడారి మధ్యలో, పచ్చగడ్డి చేలూ వాటి పక్కన పెద్ద పెద్ద డెయిరీలూ ఉండేవి. ఆ డెయిరీలకి తిరుగుతూ ఆవులకి వైద్యం చేయాలని ఆవిడ కోరిక. దానికి ఒక పికప్ ట్రక్కు కావాలి, వెనక మందుల పెట్టె కావాలి, నీళ్ళ ట్యాంకు కావాలి. కూడబెట్టిన డబ్బుతో ఒక్క ఏడాది ప్రయత్నిస్తానంది. ఏడాది తిరిగేలోపు ఒక్క పెద్ద డెయిరీ అయినా తనని డాక్టరుగా పెట్టుకోకపోతే, ట్రక్కు అమ్మేసి కుక్కల క్లినిక్‌కి పోతానని తనే అంది. ఆ మాట అన్నప్పుడు నా మొహంలోకి చూడలేదు.

ఇక బండి ఏది కొనాలన్న ప్రశ్న. అమెరికాలో మనవాళ్ళు ఎవరు బండి కొన్నా ముందు పాట్‌లక్‌లో, అంటే తలా ఒక వంటకం తెచ్చుకునే విందులో, తీర్మానం జరగాలి. గిన్నెలో పులిహోర అయిపోయేలోపు మైలేజీ ఎంత, రీసేల్ ఎంత, ఏ డీలరు బేరానికి దిగుతాడు, అన్నీ తేలిపోతాయి. మా గుంపులో ఈ వ్యవహారాలకి పెద్దదిక్కు నాతో పనిచేసే వరంగల్ మిత్రుడు. జన్మలో పికప్ తోలి ఎరగడు. అయినా తడుముకోలేదు.

"అన్నా, కండ్లు మూస్కొని డీజిల్ తీస్కో. మైలేజ్ ఎక్కువిస్తది, ఇంజన్ జల్ది ఖరాబు కాదు. రీసేల్ గురించైతే అడగనే అడగకు," అన్నాడు.

నాదీ అదే పాట. మనకి డీజిల్ అంటే చవక అన్న సంగతి ఉగ్గుపాలతో పట్టినట్టు ఉంటుంది. ఇండియాలో డీజిల్ కారున్నవాడు పెట్రోల్ కారున్నవాణ్ణి చూసి జాలిపడటం నా కళ్ళారా చూశాను. ఇక్కడ పెట్రోలుని గ్యాస్ అంటారు, దాని ధరా డీజిల్ ధరా అటూఇటూగా ఒకటే, ఒక్కోసారి డీజిలే ఎక్కువ. ఆ రెండు ధరలూ గ్యాస్ స్టేషన్ బోర్డు మీద రోజూ కనిపిస్తూనే ఉంటాయి. కనిపించినా మనకి ఎక్కవు.

మా ఆవిడ ఎవరితోనూ వాదనకి దిగలేదు. ఇండియా ప్రయాణానికి ముందు మనమంతా సూట్‌కేసు ఎత్తుకుని బాత్రూమ్ స్కేలు మీద నిలబడి, మన బరువు తీసేసి పెట్టె బరువు తేలుస్తాం చూడండి, అదే పద్ధతిలో ఒక శనివారం తన సామానంతా తూచింది. మందుల డబ్బాలు, బకెట్లు, గొలుసులు, దూడని బయటికి లాగే ఇనప సరంజామా, ఒక్కొక్కటీ చంకన పెట్టుకుని స్కేలెక్కింది. నీళ్ళ ట్యాంకు బరువు గ్యాలన్ల లెక్కన కట్టింది. నేను తలుపు దగ్గర నిలబడి నవ్వుతున్నా పట్టించుకోలేదు.

"అంతా కలిపితే మీ పాట్‌లక్ ఫ్రెండ్స్‌ని ఓ ఎనిమిదిమందిని ఎక్కించినంత కూడా లేదు," అంది దిగి. "డీజిల్ ఇంజను గుర్రాల ట్రెయిలర్లు లాగేవాళ్ళకండీ. నేను లాగేది దూడల్ని, అదీ చేతులతో."

తర్వాత నన్ను కూర్చోబెట్టి అసలు విషయం చెప్పింది. డీజిల్ ఇంజనుకి అదనంగా పెట్టే డబ్బుతో వెనక మందుల పెట్టె మొత్తం వచ్చేస్తుంది. ఆయిల్ మార్చినప్పుడల్లా గ్యాస్ ఇంజనుకి పట్టేదానికి రెండింతల పైనే పోయాలి. ఫిల్టర్ల ఖర్చు వేరు. ఖర్మకాలి చెడిపోతే రిపేరు బిల్లు చూసి గుండె ఆగుతుంది. అవన్నీ మైలేజీలో తిరిగి రావాలంటే ఏళ్ళ తరబడి తిరగాలి. "నాకున్నది ఏడాదేనండీ. డీజిల్ కొంటే దాని నెలనెలా పేమెంట్ కట్టడానికే నేను కుక్కల క్లినిక్‌కి పోవాలి," అంది. నేను అప్పటికీ ఒప్పుకోలేదు, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్న రకం నేను. అయినా, మనసులో మాత్రం అబ్బ, ఏం బుర్ర అనుకున్నాను.

మా వరంగల్ మిత్రుడు చివరి బాణం కూడా వేశాడు. "వదినా, డెయిరీలల్ల ట్రాక్టర్ల కోసం డీజిల్ ట్యాంకులుంటయి. నువ్వు డాక్టర్‌వి, ఆళ్ళే ఫ్రీగా పోస్తరు."

"అది పొలం పనికని పన్ను లేకుండా ఇచ్చే డీజిల్ తమ్ముడూ. గుర్తు పట్టడానికి ఎర్ర రంగు కలుపుతారు. రోడ్డు మీద తిరిగే బండిలో ఆ రంగు కనిపిస్తే ఫైన్ వేస్తారు. వచ్చీ రాగానే దొంగ డాక్టరన్న పేరు తెచ్చుకోమంటావా?"

అతను ఇంకో గారె తీసుకున్నాడు.

అలా సెకండ్‌హ్యాండ్‌లో ఒక తెల్ల ట్రక్కు వచ్చింది, గ్యాస్ ఇంజనుది. ఒక్క విషయంలో మాత్రం ఆవిడ ఖర్చుకి వెనకాడలేదు. వెనక తొట్టి పొడుగ్గా ఉన్న బండే కావాలంది, ఎందుకంటే ఆ రకానికి గ్యాస్ ట్యాంకు కూడా పెద్దది. ముప్పై నాలుగు గ్యాలన్లు, అంటే దాదాపు నూట ముప్పై లీటర్లు. నా కారు ట్యాంకు అందులో సగం కూడా లేదు. గ్యాస్ ఇంజను తాగుబోతే కాబట్టి పెద్ద ట్యాంకు ఉండి తీరాలి, ఎడారిలో డెయిరీ పక్కన గ్యాస్ స్టేషన్ ఎవడు పెడతాడు అంది. బండి గరాజ్‌లో పట్టలేదు. తోక బయట పెట్టుకుని నిలబడేది, తలుపు పడేది కాదు. నేను అగ్గిమీద గుగ్గిలమయ్యాను. ఆవిడ నా కారు బయట పెట్టించి, గరాజ్‌ని మందుల గది చేసుకుంది.

ఎంత తిట్టుకున్నా, ఆవిడ ఆ బండి ఎక్కే తీరు చూడటానికి పొద్దున్నే కాఫీ పట్టుకుని బయటికొచ్చేవాణ్ణి. మనిషి ఐదడుగులు లేదు. మెట్టు మీద కాలేసి, పిడి పట్టుకుని ఒక్క ఊపున సీట్లోకి వెళ్ళేది. రబ్బరు బూట్లు, ముడేసిన జడ. ట్యాంకు సగానికి వస్తే ఆవిడ లెక్కలో ఖాళీ అయినట్టే, ఆ సాయంత్రమే నింపేసేది. ముల్లు అడుక్కి ఆనేదాకా తిరిగి, చవక పంపు ఎక్కడుందా అని వెతికే మా మగవాళ్ళెవరికీ ఆ శ్రద్ధ లేదు.

మొదట్లో అక్కడ రెండావులు, ఇక్కడ ఒక దూడ, అంతే. పెద్ద డెయిరీల్లో ఒక్కటే కాస్త ఆశ చూపించింది. దాని యజమాని ఒక పెద్దాయన, వాళ్ళ పాత డాక్టరు రిటైరవుతున్నాడు. "ఈ ఎండాకాలమంతా నీ పని చూస్తాను. పిలిచినప్పుడు రావాలి. ఒక్కసారి రాకపోయినా మళ్ళీ పిలవను," అన్నాడట. ఆవిడ నాకు ఆ మాట చెప్పి, ఫోను దిండు పక్కన పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టింది.

సరిగ్గా ఆ ఆగస్టులోనే, మా ఊళ్ళకి గ్యాస్ తెచ్చే పైపులైను దెబ్బతింది. సగం స్టేషన్లలో గ్యాస్ లేదని పంపులకి సంచులు తొడిగేశారు. మిగతా వాటి దగ్గర లైన్లు రోడ్డు మలుపు దాటిపోయాయి. ఎండలో ఇంజన్లు ఆపుకుని, కార్లు తోసుకుంటూ జనం. డీజిల్ పంపుల దగ్గర మాత్రం నరమానవుడు లేడు. ఆ దృశ్యం చూసి ఇంటికొచ్చినా నేను ఆవిడని దెప్పలేదు. నా వరకు అదే ఎక్కువ. మా మిత్రుడికి ఆ నిగ్రహం లేదు, ఫోన్ చేసి మరీ, "వదినా, డీజిల్ ఉంటే గీ తిప్పలుండునా?" అన్నాడు.

"డీజిల్ ఉంటే ఈ పాటికి నేను క్లినిక్‌లో కుక్క చెవులు కడుగుతుండేదాన్ని తమ్ముడూ," అంది ఆవిడ.

ఊరంతా లైన్లలో నిలబడ్డ ఆ రోజుల్లో ఆవిడ ఆ పెద్ద ట్యాంకు మీదే నాలుగు డెయిరీలు తిరిగింది. ఏసీ తగ్గించింది, దారులు కలిపింది, ఒక్క కాల్ మానలేదు. కానీ ఎంత పెద్ద ట్యాంకైనా ఊరే ఊటబావి కాదు. శుక్రవారం నాటికి ముల్లు అడుక్కి చేరింది. ఆ మధ్యాహ్నమే పెద్దాయన డెయిరీ నుంచి ఫోన్. తొలిచూలు ఆవు ఈనలేకపోతోంది, పనివాళ్ళు లాగినా దూడ రావట్లేదు. ట్రక్కులో ఉన్న గ్యాస్‌తో అక్కడికి చేరడమే అనుమానం. లైన్లో నిలబడితే సాయంత్రమవుతుంది, అప్పటికి ఆవూ ఉండదు, ఈవిడ పనీ ఉండదు.

నాకు ఆఫీస్‌కి ఫోన్ చేసింది. "మీ కార్‌లో గ్యాస్ ఎంతుంది?"

ఆఫీసు దగ్గరే కాబట్టి నా ట్యాంకు ఇంకా సగం పైన ఉంది. మీటింగ్ వదిలేసి ఇంటికొచ్చాను. గొలుసులు, బకెట్లు, మందుల డబ్బాలు కారు వెనక సీట్లో పడేసుకుని, "మీరు డ్రైవ్ చేయండి, నేను ఫోన్లో వాళ్ళతో మాట్లాడాలి," అంది. దారి పొడుగునా డెయిరీ పనివాళ్ళకి చెబుతూనే ఉంది. లాగొద్దు, ఎవరూ లాగొద్దు, ఆవుని నీడలో ఉంచండి, నేను వస్తున్నాను. మట్టిరోడ్డు మీద రాళ్ళు నా కారు అడుగుకి తగులుతుంటే నా గుండెకే తగిలినట్టుంది. అయినా స్పీడు తగ్గించలేదు.

అన్నేళ్ళ కాపురంలో ఆవిడ పనిచేస్తుండగా చూడటం నాకు అదే మొదలు. రేకుల పందిరి కింద ఆవు నిలబడలేక నిలబడి ఉంది. పక్కన పెద్దాయన చేతులు కట్టుకుని చూస్తున్నాడు. మా ఆవిడ చెయ్యి భుజం దాకా లోపలికి పెట్టి, కళ్ళు మూసుకుని, ఏదో వెతుకుతున్నట్టు నిలబడింది. "ఒక కాలు వెనక్కి మడతపడి ఉంది," అంది. ఇక ఎవరినీ చూడలేదు. ఆవు నొప్పి తీసినప్పుడు ఆగడం, తగ్గినప్పుడు దూడని లోపలికి నెట్టడం, డెక్క తల్లి కడుపుని గీరకుండా అరచేత్తో మూసి కాలు సరిచేయడం. పందిరి బయట నిప్పులు చెరిగే ఎండ. చెమట కళ్ళలోకి కారుతుంటే తుడవడానికి ఆవిడకి చెయ్యి ఖాళీ లేదు, నేనే నా చొక్కా అంచుతో తుడిచాను. ఆవుతో తెలుగులో మాట్లాడుతోంది. "ఊరుకో తల్లీ, అయిపోయింది, ఇంకొక్కసారి, మా అమ్మ కదూ." ఆ ఆవుకి తెలుగు ఏమర్థమైందో నాకు తెలీదు. ఇంత పని తెలిసిన మనిషి ఇన్నాళ్ళూ మా వంటింట్లో పప్పు ఉడకేసుకుంటూ కూర్చుందా అనిపించింది.

గొలుసులు తగిలించి, నొప్పితో పాటు మెల్లగా లాగితే దూడ జారి గడ్డిలో పడింది. ఆవిడ దాని ముక్కు తుడిచి, గడ్డిపుల్లతో ముక్కులో పొడిచి, పక్కలు రుద్దింది. దూడ తుమ్మింది. తల్లి తిరిగి నాకడం మొదలుపెట్టింది.

పెద్దాయన చేతులు అప్పుడు విప్పాడు. నా కారు వైపు చూసి, ట్రక్కేదని అడిగాడు. గ్యాస్ లేక ఇంటి దగ్గర ఉందని చెప్పింది. ఆయన తల ఊపాడు.

"సోమవారం ఆవుల మందంతా చూడాలి. అప్పటికీ గ్యాస్ దొరక్కపోతే ఫోన్ చెయ్యి, నా డీజిల్ ట్రక్కు పంపిస్తాను. ఇకనుంచీ ఈ డెయిరీ నీదే. వేరే డాక్టర్ని పిలవను," అన్నాడు.

"అలాగే," అంది ఆవిడ, ఎప్పుడూ ఉండేదేగా అన్నట్టు. చేతులు కడుక్కుని, గొలుసులు కడిగి, బకెట్లు సర్దుకుని, నా కారు సీటు పాడవకుండా టవల్ పరుచుకుని కూర్చుంది. గేటు దాటి, పచ్చగడ్డి చేల పక్కకి వచ్చాం.

"కాసేపు ఆపుతారా," అంది.

పక్కకి తీసి ఆపాను. మొహం టవల్‌లో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నేను ఇంజను ఆపలేదు. ఊళ్ళో ఎవరికీ గ్యాస్ దొరకని ఆ రోజున ఏసీ ఫుల్లుగా పెట్టి, ముల్లు కిందికి దిగుతుంటే చూస్తూ, ఆవిడ ఏడుపు తీరేదాకా అలాగే కూర్చున్నాను.