కెజయా తేనెటీగలకు చెప్పిన అబద్ధం

వెర్మాంట్ కొండల్లో మంచి తేనె కావాలంటే కెజయా ఇంటికే పోయేవారు. ఆమె నోరు మాత్రం తేనెటీగ ముల్లుకన్నా పదును. "ఉన్న తీపంతా నీ నాలిక మీంచే పిండేశావేమో. అక్కడ ఒక్క చుక్కా మిగల్లేదు" అని పొరుగింటి ముసలి ఓబెడ్ ఏడిపించేవాడు.

ఆమె భర్త ఏసా అడవిలో తేనె వెతికే మనిషి. ఒక తేనెటీగను పట్టి, వీపున పిండి అద్ది వదిలేవాడు. అది ఎగిరిన దిక్కునే నడిచి, తొర్రలో తేనెపట్టున్న చెట్టును కనిపెట్టేవాడు. బెరడు మీద తన గుర్తు చెక్కితే ఇక ఆ చెట్టు అతనిదే. ఒక ఏడాది ఆకులు ఎర్రబడే వేళ అలా ఒక ఈగ వెంట వెళ్లి తిరిగి రాలేదు. పది రోజులు ఊరంతా వెతికింది. తర్వాత మంచు పడింది.

ఇంటాయన చనిపోతే ఆ మాట ఇంటి తేనెటీగలకు చెప్పాలన్నది అక్కడి ఆచారం. ఇంటి తాళంచెవితో, ఈగలుండే ఒక్కో గడ్డిబుట్టనూ మూడుసార్లు తట్టి, చెప్పి, నల్లగుడ్డ కట్టాలి. చెప్పకపోతే అవి ఉండవు.

"చెప్పెయ్ తల్లీ, ఇంకెన్నాళ్లు?" అన్నాడు ఓబెడ్.

"శవాన్ని చూపించు మామా, చెప్తా."

"ఈగలు శవాన్ని అడగవే. మాట అడుగుతాయి."

ఆ పంతంలో కెజయా, ఆ కొండల్లో ఎవరూ చేయని పని చేసింది. ఏడు బుట్టలనూ తట్టి, "మీ యజమాని బతికే ఉన్నాడు. అడవిలో ఉన్నాడు" అని చెప్పింది. చెబితే తనకూ నమ్మకం కుదురుతుందనుకుంది.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఏడు బుట్టలూ ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. ఈగలు ఏ కొమ్మ మీదా వాలలేదు. నల్లటి తాడులా సాగి నేరుగా అడవిలోకి పోయాయి.

ఓబెడ్ ఈసారి నవ్వలేదు. "యజమాని ఎక్కడున్నాడో చెప్పావుగా. పోయాయి."

మర్నాడు ఆమె అడవి అంచున ఒక ఈగను పట్టి పిండి అద్దింది. అది పోయిన దిక్కునే నడిచింది. లోపలికి పోయేకొద్దీ పిట్టల కూత ఆగిపోయింది. ఒక్క ఝుంకారమే మిగిలింది. అది ఒక తొర్రచెట్టులోంచి వస్తోంది. బెరడు మీద ఏసా గుర్తు ఉంది. ఎనిమిది నెలల కిందటి గాటు ఎండిపోయి ఉండాలి. వేలు పెడితే తడిగా తగిలింది. చెట్టు వేళ్ల మధ్య, ఆకుల కింద అతని కోటు. కోటులో అతని ఎముకలు.

 ఆమె నడుముకున్న తాళంచెవి తీసి చెట్టును మూడుసార్లు తట్టింది.

"అబద్ధం చెప్పాను. మీ యజమాని పోయాడు. నాతో వచ్చెయ్యండి."

ఝుంకారం ఆగింది. ఆ నిశ్శబ్దంలో, తొర్ర లోపలి నుంచి ఎవరో నెమ్మదిగా మూడుసార్లు తట్టారు.

కెజయా పరుగెత్తలేదు. టోపీ నల్లరిబ్బను తెంపి కొమ్మకు కట్టి, దానికే తాళంచెవి వేలాడదీసి వచ్చింది. ఓబెడ్ తోడు రాగా ఏసాను అక్కడే పూడ్చారు. వారం తిరక్కుండా ఒక ఈగల గుంపు వచ్చి ఖాళీ బుట్టలో చేరింది.

తర్వాత ముప్పై ఏళ్లు బతికినా ఆమె ఇంటికి తాళం వేయలేదు.

"దొంగలు పడితే ఏం చేస్తావే?" అని ఓబెడ్ ఒకసారి మందలించాడు.

"పడనీ మామా. తలుపు తీసే ఉంచితే ఆయన తట్టక్కర్లేదు" అంది కెజయా.