ఇరవై నిమిషాల ఇనుప పొట్టు

“పొట్టు ఎంత రాల్తదయ్యా?”

“ఇర్వై నిమిషాలకు మూడు కిలోల పైన. తూకమేస్కో.”

“ఏస్త. నీ లెక్క కంటె నా కాటనే నయం.”

మా ఆయనకూ నాకూ మధ్య ఆఖరి మాటలివే. ఆయన నవ్వి లేత్ మిషన్ నడిపించాడు.

నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు రాస్తోంది. దానికి మరాఠీ రాసినంత తొందరగా తెలుగు రాయరాదు, అందుకని ఆగి ఆగి చెబుతున్నాను.

ఘుగ్గుస్ రోడ్డు మీది షెడ్డులో ఆయన బొగ్గు గనులకు ఇరుసులు చెక్కేవాడు, నేను ఊడ్చేదాన్ని. ఇనుము కోసే టూలు ఎంత లోతు దిగుతుంది, ఎంతెంత ముందుకు జరుగుతుంది, ఇనుము ఎంత వేగంగా తిరుగుతుంది, ఈ మూడూ గుణించి నిమిషానికి ఎంత ఇనుము పోతుందో నోటితోనే చెప్పేవాడు. నాకు గుణకారం రాదు. ఒక్కో పనికి రాలిన పొట్టు ఒక్కో గమేలా తట్టలో ఎత్తి కాటా మీద పెట్టేదాన్ని. ఆయన మాటకూ కాటాకూ ఎప్పుడైనా పిడికెడే తేడా.

ఆ రోజు మిషన్ నడిపిన ఇరవై నిమిషాలకు ఇరుసు పట్టు ఊడి ఆయన ఛాతీకి తగిలింది. చంద్రపూర్ ఆసుపత్రికి చేరేలోపే పోయాడు.

దినాలు అయ్యాక షెడ్డు సేఠు పిలిచి ఒక కాగితం మీద వేలిముద్ర వేయమన్నాడు. ముందు చదవమన్నాను. షెడ్డులో మిషన్లు చూసే మిస్త్రీ చదివాడు. తొందరగా ముగించాలని రెండు మిల్లీమీటర్ల లోతు కోయాల్సిన చోట నాలుగు కోశాడట, తప్పు ఆయనదేనట.

“నాలుగు గోస్తె పొట్టు ఎంత రావాలె మిస్త్రీ?”

“డబుల్. ఆరు కిలోలు దాటాలె.”

“ఆ దినం గమేలా గట్లనే ఉంది. తూకమెయ్యి.”

“పొట్టు సాక్ష్యం జెప్తదా ఏందమ్మా?” అన్నాడు సేఠు.

“నేను జెప్తె మీరు ఇంటరా మరి?”

మిషన్ అప్పటి నుంచి నడవలేదు. మిస్త్రీ దాని ట్రేలో మిగిలినది కూడా చీపురుతో ఊడ్చి తెచ్చి గమేలాలో కలిపాడు. కాటా మూడు కిలోల నూరు గ్రాముల దగ్గర నిలిచింది. మిస్త్రీ వెళ్ళి, ఇరుసును పట్టి ఉంచే దవడలు విప్పి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి అరిగి, పట్టు జారేంత నున్నగా ఉంది. సేఠు దాన్ని చాలాసేపు తిప్పి చూసి, తప్పు ఆయనదన్న మాట కొట్టేసి పక్కన సంతకం చేశాడు. అప్పుడు వేలిముద్ర వేశాను.

బిడ్డా, ఆరు కిలోలన్నది మిస్త్రీ మాట, మీ మామ కోసింది మూడే. అటుదిటు రాయలేదు గద? ఒకపారి సదువు, ఇంట.