పొద్దుగూకాక పోపు

మా పెద్దనాన్న కూతురు కోమలక్క పుణెలో ఎం.ఎ. చదివేది. అంతర్జాతీయ భద్రత, సంఘర్షణలు అనేది ఆ చదువు పేరు. నాందేడ్‌లో మా గల్లీవాళ్లకు ఆ పేరు నోరు తిరగక లడాయి సదువు అనేవారు.

"గా లడాయి సదువు సదివి ఎవలతోని కొట్లాడుతవే? అత్తతోనా?" అని అడిగింది పక్కింటి విమలాబాయి.

"ముందుగాల నీతోనే మొదలువెడ్త, కాకూ!" అంది అక్క.

ఏడో తరగతితో బడి మానేసిన నాకు అక్క తన పుస్తకాల్లోని పటాలు చూపించేది. జనం ఎటునుంచి ఎటు పారిపోయారో వేలితో గీసేది. నేను వినేదాన్ని. నాకు ప్రశ్నలు అడగడం రాదు.

2002 ఎండాకాలంలో అక్క పరిశోధన వ్యాసం కోసం ఇంటికి వచ్చింది. నిజాం పాలన చివర సరిహద్దు పల్లెల్లో జరిగిన గడబిడ చూసినవాళ్లతో మాట్లాడి రాయాలి. అది బాగుంటేనే పైచదువుకు సీటు. మా నాయనమ్మ జనాబాయిది మర్ఖేల్ దగ్గరి పల్లె. అప్పుడామెకు పన్నెండేళ్లు. కానీ ఆ మాట ఎత్తితే చాలు, లేచి వెళ్లిపోయేది.

మా ఇంట్లో దీపాలు పెట్టాక పోపు వేయకూడదు. పప్పయినా చారయినా పొద్దుండగానే పోపు పెట్టి మూత వేయాలి. మాహూర్ రేణుకమ్మకు నాయనమ్మ మొక్కిన మొక్కు అనుకున్నాం. ఎవరూ అడగలేదు.

ఒకరోజు చీకటి పడ్డాక అక్క ఆకలికి ఆగలేక పప్పులో పోపు వేసింది. వెల్లుల్లి వాసన వాకిట్లోకి పోగానే నాయనమ్మ పరుగున వచ్చి చెంబెడు నీళ్లు పొయ్యి మీద గుమ్మరించింది. తలుపు మూసి, కింది సందులో కొంగు కుక్కింది.

"అమ్మవారు ఏమనదులే, అవ్వా," అంది అక్క.

"అమ్మవారేందే! వాసన పోతది."

అక్కడే, తలుపుకు ఆనుకుని కూలబడి చెప్పింది.

"సేన్ల కొట్టంల దాగినం, నేను, మా సెల్లె. అమ్మ నీళ్లకు వోయింది. పొగ కనబడదని పొద్దుగూకినంకనే, మంట అగుపడకుంట తడిక అడ్డంవెట్టి పొయ్యి ముట్టిచ్చిన. సెల్లె ఉత్త పప్పు తింటలేదు, ఒకటే ఏడుపు. నోరు మూయనీకి ఇంత పోపు వేసిన. వాసనకు అచ్చిండ్రు. నేను ఎనుకకెల్లి దుంకి ఉరికిన. అది చిన్నది."

ఆమెకొక చెల్లెలు ఉండేదని మాకు ఆ రోజే తెలిసింది.

"అచ్చింది ఎవలు, అవ్వా?"

"ఎవలైతేంది? రాసుకో బిడ్డా. గని వాసన సంగతి రాయకు. వాళ్లకెట్ల ఎర్కైందని మా అమ్మ సచ్చేదాక అడిగింది. ఆమెకే సెప్పలే."

అక్క ఆమె మాట దాటలేదు, వాసన సంగతి రాయలేదు. వ్యాసం చదివిన గైడు కూడా అదే అడిగాడట. పొగ కనబడలేదు, వెలుతురు కనబడలేదు, ఊరికి దూరం, మరి వాళ్లకెలా తెలిసింది? తెలియదు అంది అక్క. అసలు ముడి అక్కడే ఉంది, కనుక్కుని రా అని పంపితే, మళ్లీ వెళ్లి తెలియదనే చెప్పింది. సీటు రాలేదు.

మరుసటేడు నాయనమ్మ పోయింది. అక్క ఇప్పుడు ఇక్కడే ఒక బడిలో చరిత్ర చెబుతూ గది తీసుకుని ఉంటోంది. మొన్న సాయంత్రం నేను వెళ్లినప్పుడు పిల్లల అల్లరి గురించి నవ్వుతూ చెబుతున్నదల్లా మధ్యలో ఆగింది. లేచి కిటికీ మూసింది.

"పక్కింటోళ్లదక్కా, పోపు," అన్నాను.

"ఎర్కే," అంది.

అయినా తలుపు గొళ్లెం పెట్టి వచ్చి, దాని వైపే చూస్తూ కూర్చుంది.