వీధంతా వినే పాస్‌వర్డ్

"ఇంకెవరెవరు చూశారో! ఎక్కడెక్కడ దాచుకున్నారో!"

ఫోన్‌లో మా పాప స్నానం ఫొటో చూడగానే నా నోట్లోంచి వచ్చిన మాటలివి. సబ్బు నురగలో కూర్చుని ఏడుస్తోంది. కింది ఫ్లాటు అంకుల్ దాన్ని మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టి, "మేడమ్‌గారికి కోపమొచ్చింది" అని రాశాడు. వెళ్లి అడిగితే, "స్టూడియో పేజీలోదేనమ్మా. మీ పాప ముద్దుపేరు బుజ్జులు అని కొట్టాను, తెరుచుకుంది" అని నవ్వాడు.

ఆ ఫొటో తీసింది మా ఎదురు స్టూడియో ఆయన. పిల్లల్ని రోజంతా "కదలకు, కదలకు" అంటుంటాడని అందరికీ "కదలకు బాబాయ్" అయిపోయాడు. తను మాత్రం కుదురుగా నిలబడడు. ఏడ్చే పిల్లల ముందు కోతిలా గెంతుతాడు. స్టూడియో పేజీలో ఒక్కో బిడ్డకు ఒక్కో ఆల్బమ్ పెట్టి, ఆ బిడ్డ ముద్దుపేరే పాస్‌వర్డ్‌గా ఇచ్చేవాడు. "మరిచిపోయే పనే లేదమ్మా!" అనేవాడు. సూక్ష్మజీవుల గురించి చదివి, కంటికి కనబడని ప్రతి క్రిమికీ భయపడే నాకు, ఆ పేరు విన్న ఎవరైనా ఆల్బమ్ తెరవొచ్చని తట్టలేదు.

ఫోన్ చేయగానే వచ్చాడు. వెనకే ఆయన భార్య, పిన్ని. ఆయన గుమ్మం దాటలేదు.

"లోపలికి రండి బాబాయ్."

"ఏ మొహం పెట్టుకుని రమ్మంటావమ్మా?"

"నేను ఈయనకి ఎప్పుడో చెప్పాను," అంది పిన్ని. "నువ్వు బాల్కనీలోంచి పాపని పిలిస్తే మా స్టూడియోలోకి వినిపిస్తుంది. అది తాళమంట, తాళం!"

"నిజమేనే. తిట్టు."

ఆల్బమ్‌లన్నీ అప్పటికే తీసేశాడట. మిగతా ఇళ్లకూ వెళ్లి చెబుతానన్నాడు.

"వాళ్లకు తెలీదు కదా," అన్నారు మావారు. "చెబితే ఇంక మీ దగ్గరికి ఎవరొస్తారు?"

"రాకపోతే పోనీ బాబూ. వాళ్ల పిల్లల్ని ఎవరు చూశారో నాకూ తెలీదు. ఆ మాటైనా చెప్పాలిగా."

బాల్కనీలోంచి చూశాను. ఎదుటి వరసలో ఒక్కో తలుపూ తడుతున్నాడు. ఒకావిడ ముఖం మీదే తలుపు వేసింది. మేడ మీదనుంచి ఏదో పిల్ల "కదలకు బాబాయ్!" అని అరిచింది. ఎప్పుడూ గెంతే మనిషి తలెత్తలేదు. అక్కడే, కదలకుండా నిలబడిపోయాడు.

చాలామంది స్టూడియో మార్చేశారు. మేం మళ్లీ వెళ్లినప్పుడు ఆయన కొత్త ఆల్బమ్‌కి పాస్‌వర్డ్ పెట్టమని కీబోర్డు నా వైపు తోసి, గోడవైపు తిరిగాడు.

"నువ్వే కొట్టమ్మా, నేను చూడను. బిడ్డని నోరారా పిలుచుకో. తాళానికి మాత్రం మీ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పైకి అనని మాట వెతుక్కో."

అలాంటి మాటే పెట్టాను. తర్వాత బ్యాంకుకీ, మెయిల్‌కీ, ఇంట్లో కంప్యూటర్‌కీ దేనికది వేరుగా మార్చాను. బుజ్జుల్ని మాత్రం బాల్కనీలోంచి గట్టిగానే పిలుస్తున్నాను.