గుక్క తిప్పుకోని చరణం

ఆ సినిమా పేరు చెప్పను. చెబితే మీరు అందులో బాగా ఆడిన రెండు పాటలూ అందుకుని కూనిరాగం తీస్తారు, నా గోడు పక్కకు పోతుంది. నేను చెప్పేది ఆ క్యాసెట్‌లో రెండోవైపు చివరన ఉన్న పాట గురించి. సినిమా మా ఊళ్లో వారం కూడా ఆడలేదు. ఆడిన ఆ నాలుగు రోజులూ ఈ పాటలో రెండో చరణం తెర మీద లేదు. నిడివి ఎక్కువైందని కోసేశారట. ఆ చరణం వినాలంటే క్యాసెట్ ఒక్కటే దిక్కు.

ఆ చరణమే నాకు పేరు తెచ్చింది. కొత్తవలస నుంచి పలాస దాకా పెళ్లికో గృహప్రవేశానికో ఆర్కెస్ట్రా మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లు మొదట అడిగేది, "గుక్క పాటామె వస్తాదేటి?" అనే. చివరి పాదం, దాని వెనక వచ్చే పొడుగాటి రాగం, రెండూ కలిపి గుక్క తిప్పుకోకుండా పాడతానని నాకా పేరు. అమ్మానాన్నలు పెట్టిన పేరు రేషన్ కార్డుకే పనికొచ్చింది.

నాన్నకి ఆమదాలవలసలో కిరాణా కొట్టు. మరమరాల డబ్బాల మీద టేప్‌రికార్డర్ ఉండేది. నాకు పదకొండేళ్లప్పుడు ఆ క్యాసెట్ కొన్నాడు. రెండోవైపు చివరిదాకా ఇంకా వినకముందే ఒక మధ్యాహ్నం టేప్‌రికార్డర్ దాన్ని నమిలేసింది. మూత తీస్తే లోపల ఒకటే చిక్కు. నేను గుక్కపట్టి ఏడ్చాను. నాన్న బేరాలాపి, కొట్టు గుమ్మంలో బాసింపట్టు వేసుకు కూర్చుని, చిక్కు విప్పి, నలిగిపోయిన ముక్కని బ్లేడుతో కోసి, పిన్ని గోళ్లరంగు తెచ్చి రెండు కొసలూ అతికించాడు. ఆరాక పెట్టి వినిపించాడు.

"సూడు, అతుకెక్కడున్నాదో తెలుస్తన్నాదేటి? అంగుళం ముక్క, అంతే. మాట ఒక్కటీ పోనేదు. ఉత్తి కాళీ ముక్కే పోనాది," అన్నాడు.

నిజంగానే మాట పోలేదు. నేను కళ్లు తుడుచుకుని పాట నేర్చుకోవడం మొదలుపెట్టాను.

ఆ పాటలో ఒకామె ఊరు వదిలి పోయేవాణ్ణి సాగనంపుతుంది. వాకిలి గురించి, కళ్లం గురించి, పెరట్లో బచ్చలి తీగ గురించి ఏవేవో చెప్పి చివరికి "వెళ్ళిరా" అంటుంది. ఆ "రా" మీద పెద్ద రాగం. అంత మాటల వరస అయ్యాక, ఎక్కడా ఆగకుండా అంత రాగమా! అదే నాకు అబ్బురం. కొట్టు వెనక ధనియాల బస్తా మీద కూర్చుని ముక్కు మూసుకుని సాధన చేశాను. మొదట్లో "రా" దగ్గరికి వచ్చేసరికి కళ్లు బైర్లు కమ్మేవి. ఏడాదికి పట్టుబడింది.

ఆర్కెస్ట్రాలో చేరిన రోజున మాస్టారు హార్మోనియం మీంచి చెయ్యి తీసేశారు.

"ఊపిరెక్కడ తీసినావమ్మా?"

"తియ్యనేదు మాస్టారూ."

"బాగున్నాది. అలాగే పాడు."

ఆయన అసలు పాట తెలిసినవారే. అందులో ఉన్నదాన్ని నేను కావాలనే మింగేశానని ఆయన అనుకున్నారు. అసలు పాటే అంత అని నేను అనుకున్నాను. అలా ఒకరినొకరు మెచ్చుకుంటూ ముప్పై ఏళ్లు గడిపేశాం. డోలక్ వాయించే ఆయన్ని అందరిలాగే నేనూ బావ అనేదాన్ని. ఆయనొక్కడే, "ఇక్కడ అర దెబ్బ పడిపోతన్నాదే" అని గొణిగి, నాలుగు ప్రోగ్రాములయ్యాక ఆ అర దెబ్బ మింగడం నేర్చుకున్నాడు.

నేను పాడడమే కాదు, బాణీలు కూడా కట్టాను. హారతి పాటలు, బడిపిల్లల పాటలు, నాకు నేనుగా రాసుకున్నవి కొన్ని. ఏది కట్టినా అందులో ఆ క్యాసెట్ ఉండేది. పల్లవికి ముందు నేను వేసుకునే నాలుగు స్వరాలు దాని మొదటి పాటవి. చరణం ఎత్తుకునే తీరు దాని మూడో పాటది. అందుకు సిగ్గుపడను. పాలు తాగిన పిల్ల మొహంలో తల్లి పోలిక ఉంటే తప్పా? కానీ అన్నిట్లోకీ దిగిపోయినది మాత్రం ఆ అతుకే. నా చరణాలేవీ ఆగవు. ఆగితే అది పాటే కాదనిపించేది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్టు, గొప్ప పాటంటే ఊపిరాడని పాటేనని నా లెక్క. నా బాణీలు నేను తప్ప ఎవరూ పాడలేకపోతే దాన్నీ గొప్పగానే చెప్పుకున్నాను.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో మెట్ల వంతెన ఎక్కితే మధ్యలో రెండుసార్లు ఆగుతున్నాను. అయినా "రా" మీద రాగం వదల్లేదు. పాడి దిగాక తెర వెనక కుర్చీ పట్టుకుని నిలబడడం మాస్టారికి తెలుసు, బావకి తెలుసు. జనానికి తెలియదు.

ఈ మధ్య ఎచ్చెర్లలో చదివే అమ్మాయి ఒకతె నా దగ్గర పాట నేర్చుకుంటోంది. కాలేజీ ఫంక్షన్‌లో నా బాణీ పాడతానంది. నా పాట మొదటిసారి ఇంకో గొంతులోకి వెళ్లబోతోంది. నేను పోయాక కూడా మిగిలే అవకాశం దానికి అదొక్కటే. ఎంత ఆశపడ్డానో చెప్పలేను. కానీ ఆ పిల్ల చరణం సగంలో దగ్గేసేది. వారం రోజులు దగ్గి దగ్గి చివరికి అడిగేసింది.

"ఊపిరెక్కడ తియ్యాల మేడమ్?"

"తియ్యకూడదు."

"ఎవులైనా తీస్తారు కద మేడమ్?"

"నానెక్కడ తీస్తన్నాను? గుక్క పాటలో ఆవిడెక్కడ తీసింది?"

"ఆవిడ తీసింది మేడమ్. ఇన్నాను."

నాకు ఒళ్లు మండింది. నా నోట్లో నలభై ఏళ్లుగా ఉన్న పాట గురించి ఈ నిన్నగాక మొన్నటి పిల్ల నాకు చెబుతుందా? "ఏదీ, ఇనిపించు," అన్నాను. పాట మొత్తం తన ఫోన్లో ఉంది. నేనెప్పుడూ వెతుక్కోలేదు. కంఠతా వచ్చినదాన్ని ఎవరు వెతుక్కుంటారు?

రెండో చరణం వచ్చింది. ఆమె వాకిలి చెప్పింది, కళ్లం చెప్పింది, బచ్చలి తీగ చెప్పింది. "వెళ్ళి" అంది. ఆగింది. ఊపిరి తీసుకుంది. చిన్న ఊపిరి, కొంచెం వణికింది కూడా. అప్పుడు "రా" అంది.

అంగుళం ముక్క. గోళ్లరంగు.

మనం ఎవరినీ వెళ్ళమనం. వెళ్ళిరా అంటాం. కొట్టు మెట్లు దిగే బేరగాడికైనా అదే మాట. ఆమె మాత్రం "వెళ్ళి" అన్నాక వాడు నిజంగా వెళ్లిపోతున్నాడని గ్రహించి, మనసు గట్టి చేసుకుని "రా" అని పిలిచింది. పాటంతా ఆ ఊపిరిలోనే ఉంది. ఇన్నేళ్లూ నేను దాన్ని బేరగాళ్లను పంపినట్టు పాడాను. జనం చప్పట్లు కొట్టారు. నాన్న మీద కోపం వచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఆయన నాకు ఒక్క మాటా పోకుండా చూశాడు పాపం. ఖాళీ ముక్కలో కూడా పాట ఉంటుందని ఆయనకేం తెలుసు, నాకే తెలియనప్పుడు.

ఆ వారమే విజయనగరంలో పెళ్లి. భోజనాల వేళ గుక్క పాట పాడమన్నారు. ఈసారి ఆ ఊపిరి తీసుకుందామనుకున్నాను. మాస్టారికీ బావకీ చెప్పలేదు, వద్దంటారని. "వెళ్ళి" అన్నాను, ఆగాను, ఊపిరి తీసుకున్నాను. ఆ సుఖం ఏమని చెప్పను! కానీ బావ అలవాటు ప్రకారం అర దెబ్బ మింగేసి ముందుకు వెళ్లిపోయాడు. నేనొక దారి, డోలక్ ఒక దారి. ముందు వరసలో పట్టుచీర ఆవిడ, "పాపం, ఊపిరందనేదు," అంది. నాకు స్పష్టంగా వినిపించింది. ఆ జాలి కంటే చెంపదెబ్బ నయం.

వ్యాను ఎక్కుతుంటే మాస్టారు మెల్లగా, "ఇంక ఆ పాట మానేద్దుమమ్మా. వయసు కదా," అన్నారు. నేను ముప్పై ఏళ్లుగా చేసిన తప్పు నా ఘనత. ఒక్కసారి సరిగ్గా పాడితే అది నా ముసలితనం.

ఇంటికొచ్చి నా బాణీల నోటుబుక్కు తీశాను. ఆ పిల్ల పాడాల్సిన చరణంలో ఊపిరికి చోటు వెతికాను. దొరకలేదు. మాట పక్కన మాట అలా కుట్టేశాను. పొద్దుటే ఆ పిల్ల వస్తే, "నీకెక్కడ కావాలంటే అక్కడ తియ్యి. ఇరిగిపోతే ఇరిగిపోతాది," అన్నాను. రెండుసార్లు పాడి మూడోసారి ఒక చోట ఆగింది. పాట విరగలేదు. ఆ చోటు నేను చచ్చినా పట్టుకోలేకపోయేదాన్ని.

ఫంక్షన్ రోజున అక్కడే ఊపిరి తీసుకుంది. హాలు నిశ్శబ్దంగా విన్నది. నా పాట నేను లేకుండా నడిచింది. కళ్లు తుడుచుకుంటూ ఉండగానే ఆ పిల్ల మైకులో మా మేడమ్ వచ్చారని చెప్పింది. వెనక వరసల్లోంచి, "గుక్క పాట! గుక్క పాట!" అని కేకలు. వాళ్ల అమ్మల పెళ్లిళ్లలో పాడి ఉంటాను. లేచి స్టేజీ ఎక్కాను.

డోలక్ లేదు, హార్మోనియం లేదు, మాస్టారు లేరు. నన్ను ఆపేవాళ్లు ఎవరూ లేరు. వాకిలి, కళ్లం, బచ్చలి తీగ. "వెళ్ళి" దగ్గరికి వచ్చాను. అన్ని మొహాలూ నా వైపే చూస్తున్నాయి, నా గుక్క ఎంతసేపో అప్పుడే లెక్కపెడుతున్నట్టు. పట్టుచీర ఆవిడ గొంతు చెవిలో వినిపించింది.

"వెళ్ళిరా" అని ఒక్క మాటగా పాడేశాను. రాగం చివరిదాకా లాగాను. హాలు దద్దరిల్లింది.

దిగొచ్చి ఆ పిల్ల పక్క కుర్చీలో కూలబడ్డాను. తనొక్కతే చప్పట్లు కొట్టలేదు.

"తియ్యొచ్చు కద మేడమ్," అంది మెల్లగా.

జవాబు చెప్పడానికి నాకు ఊపిరి చాల్లేదు.