నడుమ వచ్చిన నెమ్మది

పద్యం కనబడితే నాకు ముందు అందులో తప్పే కనబడుతుంది. పలాసలో డిగ్రీ పిల్లలకు తెలుగు చెప్పీ చెప్పీ తెచ్చుకున్న జబ్బు. టెక్కలిలో చరిత్ర చెప్పే స్నేహితుడొకాయన తమ చర్చిలో చదవడానికని ఓ హెబ్రీ ప్రవక్త కవితను తెలుగులోకి తెచ్చి, "భాష కాస్త చూసిపెట్టండి మాస్టారూ" అని నాలుగు కాగితాలు చేతిలో పెట్టాడు. సెలవులకు ఉద్దానంలోని మా ఊరికి వెళ్తూ ఆ కాగితాలు, ఎర్ర కలం సంచిలో వేసుకున్నాను.

అమ్మ వరండాలో కూర్చుని జీడిపిక్కలు కొడుతోంది. చెవికి ఎలా ఉందో చూద్దామని పైకి చదివాను. ఆ కవితలో దేవుడు కోపంతో నడిచి వస్తుంటాడు. సుడిగాలి ఆయన దారి. ఆయన గద్దిస్తే సముద్రం ఎండుతుంది, కొండలు వణుకుతాయి, రాళ్లు పగులుతాయి.

"ఈ సామెవరో గానీ మన గంగమ్మ కన్నా కోపిట్టిలాగున్నాడు" అంది అమ్మ, చేతిలో పని ఆపకుండానే.

సరిగ్గా ఆ కోపం పెచ్చుమీరిన చోట ఒక మెత్తని చరణం వచ్చింది. ఆయన మంచివాడు, ఆపదలో తన చాటుకు చేరినవాళ్లకు కోట లాంటివాడు అని. ఆ వెంటనే మళ్లీ వరద, మళ్లీ వినాశనం. నాకు చిర్రెత్తింది. శాంతి అనేది చివర రావాలి గానీ ఇలా నడుమ ఇరికించడమేమిటి? ఆ చరణానికి చుట్టూ గీత గీసి, చివరికి జరపమని బాణం గుర్తు వేశాను.

అమ్మ తలెత్తి చూసింది. "ఎందుకురా మారుత్తన్నావు? మద్దెలో ఆగిన గాలి మంచిది కాదు. తిరుగుగాలొత్తాది. ఈ రాసినాయన తుపాను సూసినోడేరా."

"ఇది కవిత్వమే అమ్మా, వాతావరణ వార్తలు కాదు" అని నవ్వాను. నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

ఆ వారంలోనే తుఫాను వచ్చింది. మా కొబ్బరితోటల్ని నేలకు పరిచేసిన తుఫాను. మాది స్లాబు ఇల్లు కాబట్టి మావ, అంటే అమ్మ తమ్ముడు, అత్తను తీసుకుని ముందురోజే మా ఇంటికి వచ్చేశాడు. వాళ్లది జీడితోటలో రేకుల ఇల్లు. సూడి ఆవు మాత్రం ఎంత లాగినా కదలక మొరాయిస్తే, దాన్ని పాకలోనే కట్టేసి వచ్చాడు. వచ్చిన దగ్గర్నించీ ఆయన ప్రాణమంతా దాని మీదే.

తెల్లవారాక గాలి ముదిరింది. మూడు గంటలపాటు ఉత్తరం నుంచి వీచింది. తలుపు కొట్టుకోకుండా మావా నేనూ భుజాలు ఆన్చి నిలబడ్డాం. ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. కిటికీ సందులోంచి పచ్చటి వెలుతురు వచ్చింది. కాకి కూడా అరవలేదు. నాకు హాయిగా అనిపించింది, ఈ మాట ఒప్పుకోవాలి.

సిగ్నల్ పోయేముందు ఫోనులో వచ్చిన చివరి వార్త ఇంకా తెర మీదే ఉంది: తుఫాను తీరం దాటింది.

దాటింది అంటే మనకు వెళ్లిపోయిందనే. ఊరు దాటాడంటాం, గండం దాటిందంటాం. తుఫాను సముద్రం వదిలి నేల మీదికెక్కిందని, అంటే అప్పుడది సరిగ్గా మా నెత్తిమీదే ఉందని, మాటలకు అర్థాలు చెప్పి జీతం తీసుకునే నాకు తట్టలేదు.

"ఏటల్లుడా, అయిపోనాదా?" అన్నాడు మావ.

"తీరం దాటేసింది మావా. అయిపోయింది."

"తమ్ముడా, ఎల్లకురా! తిరుగుగాలుంది" అని అమ్మ చెయ్యి పట్టుకుంది.

"సదువుకున్నోడు సెప్తన్నాడు కదప్పా. ఆవుని ఇప్పేసి ఇట్టే ఒచ్చెత్తాను" అని ఆయన చెయ్యి విడిపించుకుని వెళ్లిపోయాడు. అత్త అప్పుడు లోపలి గదిలో పటాల ముందు కళ్లు మూసుకుని కూర్చుని ఉంది. ఇవేవీ ఆమె వినలేదు.

పావుగంటలో గాలి దక్షిణం నుంచి విరుచుకుపడింది. ఉత్తరం గాలికి వేళ్లు కదిలిన చెట్లన్నిటినీ అది పడగొట్టింది. పాక దగ్గరి కొబ్బరిచెట్టు మావ మీద పడింది. మధ్యాహ్నం మేం వెళ్లేసరికి ఆయన చేతిలో పలుపు ఉంది. ఆవుకు ఏమీ కాలేదు.

అత్త ఏడవలేదు. మా ముఖాలు చూసి ఒకటే అడిగింది. "అయిపోనాదని ఆయనకి ఎవులు సెప్పినారు?"

నేను నోరు తెరిచేలోగా అమ్మ అంది. "నానే సెప్పాను."

అప్పుడే కాదని చెప్పాల్సింది. రేపు చెబుదాం, పెద్దకర్మ అయ్యాక చెబుదాం అనుకుంటూ పోయాను. నేను పిరికివాణ్ణి. అత్త ఆ రోజు నుంచి అమ్మతో మాట్లాడలేదు. నీళ్ల కుళాయి దగ్గర ఎదురుపడినా బిందె పట్టుకుని పక్కకి తిరిగేది. అమ్మ ఒక్కనాడూ నన్ను నిందించలేదు. అదే నాకు ఎక్కువ భయంగా ఉండేది.

ఆ కవితను మళ్లీ చాలాసార్లు చదివాను. ఆ మెత్తని చరణం అబద్ధం కాదు. కోట ఉందన్నాడు, ఉంది. అందులో ఉండాలి. బయటికి పొమ్మని ఆ కవి ఎక్కడా చెప్పలేదు. చెప్పింది నేను.

మొన్న నేను ఊళ్లో ఉండగా మళ్లీ తుఫాను హెచ్చరిక వచ్చింది. వేరే దారిలేక అత్త మా ఇంటికే వచ్చి, అమ్మకు వీపు పెట్టి గోడవారన కూర్చుంది. పగలంతా గాలి, వాన. ఓ మాటు కాస్త తెరిపిచ్చింది. తన ఇల్లు చూసుకొద్దామని అత్త లేచి గుమ్మం దాకా వెళ్లింది. అమ్మ లేచి, "ఇప్పుడే బయటికెల్లకే" అంది. ఇన్నేళ్ల తర్వాత ఆమెతో అన్న మొదటి మాట. అత్త అటు చూడలేదు. నా వైపు తిరిగింది.

"ఆవిడ మాట ఇంటే ఏటవుతాదో నాకెరిక. నువ్వు సెప్పు అల్లుడా. నీ మాటయితే నమ్ముతాను. ఎల్లొచ్చా?"

అమ్మ నా కళ్లలోకి చూసి, ఆ నిజం ఇప్పుడొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"కూర్చో అత్తా" అన్నాను. అంతే అనగలిగాను. ఆమె నా మాట నమ్మి కూర్చుంది.