రెండు ఎర్ర తీగలు

మూడో సోమవారం కూడా వ్యాను లేవలేదని ఫోను వచ్చేసరికి కరెంటు బాబాయ్ ఇంకా మంచం అంచున కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాడు. ముప్ఫై నాలుగేళ్లుగా బండ్లకు వైరింగు చేస్తున్నాడు కాబట్టి వీధిలో పెద్దా చిన్నా అందరికీ ఆయన కరెంటు బాబాయే. బండి ఆవలిస్తే పేగులు లెక్కపెడతాడని పేరు. ఈ మధ్య ఆ పేరు మొయ్యడమే ఆయనకు బరువైపోయింది.

"బాబాయ్, మళ్లీ అదే. తాళం తిప్పితే టిక్కుమంటోంది, అంతే," అంది అవతల ఆమె. గొంతులో కోపం లేదు. కోప్పడే ఓపిక కూడా మిగలని గొంతు అది.

ఆమె కిడ్నీలు పాడైనవాళ్లను డయాలిసిస్‌కు తీసుకెళ్లి తీసుకొచ్చే వ్యాను నడుపుతుంది. వారానికి మూడు రోజులు, ఐదుగురు మనుషులు. ఆసుపత్రి ఆవరణలో చక్రాల కుర్చీల మధ్య బండి వెనక్కి తియ్యాలంటే గుండె దడదడలాడుతోందని, నెల కిందట వెనక కెమెరా, ముందు చిన్న తెర పెట్టించుకుంది. పెట్టింది బాబాయే. ఆ వారం నుంచే మొదలైంది తంటా. శుక్రవారం సాయంత్రం ఆపిన బండి సోమవారం పొద్దున లేవదు. మొదటిసారి బ్యాటరీ టెర్మినళ్ల మీది తెల్ల బూజు గీకేసి, చార్జి పెట్టి పంపాడు. రెండోసారి, "దీనికి వయసైపోయిందమ్మా" అన్నాడు. కొత్తది వేయించుకుంది. ఇప్పుడు ఆ కొత్తదీ పడకేసింది.

"ఈ పూటకి ఇంకొకర్ని చూసుకోమనండి," అంది భార్య గుమ్మంలోంచి. "నిన్న కూడా ఆఖరి మెట్టు కనపడక తూలారు."

"నేను పెట్టిన సామాను. నేనే చూడాలి," అని చొక్కా తొడుక్కున్నాడు.

వేరే బ్యాటరీకి తీగలు తగిలించి అప్పటికి బండి లేపి పంపాడు. ఆలస్యం ఎలాగూ అయింది. ఐదుగురినీ ఆసుపత్రిలో దింపి, మధ్యాహ్నానికి ఆమె తిరిగొచ్చి షెడ్డు ముందు వ్యాను ఆపింది. దిగి, తలుపుకు ఆనుకుని నిలబడింది.

"ఇవాళైనా నిజంగా చూడండి, బాబాయ్."

ఆ 'నిజంగా' అన్నమాట గోరుచుట్టు మీద రోకటిపోటులా తగిలింది ఆయనకు. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. రెండుసార్లూ ఆయన చూడలేదు, ఊహించాడు. వంగి, పాకి, చీకటి మూలల్లో వెతకాలంటే ఒళ్లు మొరాయించింది. తప్పు బ్యాటరీ మీదికి తోసేశాడు.

ఈసారి పద్ధతిగా మొదలుపెట్టాడు. బండి ఆపి, తాళంచెవి బయటికి తీయించాడు. తలుపు తెరిచే ఉంచి, మూసినట్టు బండి అనుకునేలా గొళ్లేన్ని స్క్రూడ్రైవరుతో నొక్కాడు. బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీసి, ఆ మధ్యలో మీటరు పెట్టాడు. బండిలోని సరంజామా అంతా నిద్రపోవడానికి అరగంట ఆగాలన్నాడు. ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. ఆమె కూర్చున్నచోటే కునుకు తీసింది.

"మీటరు ఎంత చూపిస్తోందో కాస్త చదువమ్మా. కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను," అన్నాడు లేపి.

కళ్లజోడు ఆయన మెడలోనే వేలాడుతోంది. ఆమె అది చూసి, మీటరు మీదికి వంగింది. "ఆరు వందల పది."

"బండి ఆపాక యాభై మిల్లీయాంపులు దాటకూడదు," అన్నాడాయన నెమ్మదిగా. "బండి పడుకున్నా ఎవరో తింటూనే ఉన్నారు."

ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూశాడు. హారన్, రేడియో, వైపర్లు. అంకె కదల్లేదు. లోపలి దీపం ఫ్యూజు పీకగానే ఆమె, "ముప్ఫైకి పడింది!" అని అరిచింది. అంతలోనే, "దీపం ఆర్పే ఉందిగా?" అంది.

ఆ ఫ్యూజు నుంచి బయల్దేరిన తీగకు తాను ఇంకేం తగిలించాడో బాబాయ్‌కు లీలగా అర్థమవుతోంది. మోకాళ్లు కలుక్కుమంటుండగా స్టీరింగు కిందికి వెల్లకిలా దూరాడు. తను చుట్టిన నల్ల టేపు తనకే దొరికింది. విప్పాడు.

"టార్చి ఇటు పట్టు. ఈ ఎర్ర తీగ మీద చార ఏ రంగు?"

"పసుపు."

"సరిగ్గా చూడు. తెలుపు కదూ?"

"తెలుపు చార తీగ దాని పక్కనుంది, బాబాయ్. ఇది పసుపు."

ఆయనకు రెండూ ఒకే రంగులో, పాత కాగితంలా కనిపిస్తున్నాయి. మెల్లగా బయటికొచ్చి, వ్యాను మెట్టు మీద కూర్చుని చెప్పాడు.

"తెల్ల చార తీగలో తాళం తిప్పితేనే కరెంటు వస్తుంది. పసుపుదాంట్లో ఎప్పుడూ ఉంటుంది. నీ తెరని నేను పసుపుదానికి కలిపేశాను. తెర నల్లబడగానే ఆరిపోయిందనుకున్నాం. అది కళ్లు మూసుకుని శని ఆదివారాలూ తింటూనే ఉంది. నీ పాత బ్యాటరీ మంచిదేనమ్మా. తప్పు నాది."

ఆమె టార్చి ఆర్పి బల్ల మీద పెట్టింది.

"మా వ్యానులో వచ్చే దర్జీ తాతయ్యకి ఇవాళ డయాలిసిస్ గంట తగ్గించి చేస్తామన్నారు, ఆలస్యమైందని," అంది. "ఆయనకేం చెప్పను?"

"నేనే చెప్తాను."

"కళ్లు ఎప్పట్నుంచి ఇలా?"

"ఏడాది దాటింది."

"పిన్నికి తెలుసా?"

"మెట్ల సంగతి తెలుసు. తీగల సంగతి తెలీదు."

ఆమె నిట్టూర్చి మళ్లీ టార్చి అందుకుంది. ఆమె రంగులు చెబుతుంటే ఆయన తీగలు మార్చి కలిపాడు. మీటరు ముప్ఫై దగ్గర నిలబడింది.

సాయంత్రం అదే వ్యానులో ఆసుపత్రికి వెళ్లాడు. ఐదుగురిలో పెద్దవాడైన దర్జీ తాతయ్య గోడకానుకుని కూర్చున్నాడు. మొహం ఉబ్బి ఉంది. బాబాయ్ ఆయన పక్కన కూర్చుని, జరిగింది దాచకుండా చెప్పాడు.

"సూదిలో దారం ఎక్కడం మానేశాక రెండేళ్లు నేనూ ఎవరికీ చెప్పలేదు," అన్నాడు తాతయ్య. "ఒకాయన చొక్కాకి ఒక చెయ్యి పొడుగు కుట్టాక ఊరంతటికీ తెలిసింది." నవ్వబోయి దగ్గాడు. "అయినా చొక్కా విప్పి కుట్టొచ్చు. నా గంట ఎక్కణ్ణుంచి తెస్తావయ్యా?"

బాబాయ్ లేచి, తాతయ్య చంక కింద చెయ్యేసి వ్యాను దాకా నడిపించాడు.

ఇంటికెళ్లి భార్యకు తీగల సంగతి చెప్పాడు. ఆవిడ తిట్టలేదు, "ఏడాదిలో ఇంకెన్ని కలిపారు?" అని మాత్రం అడిగింది. గుర్తు తెచ్చుకుంటే పదకొండు బండ్లు తేలాయి. మర్నాటి నుంచి ఇద్దరూ ఒక్కొక్క ఇంటికీ వెళ్లారు. ఆవిడ టార్చి పట్టుకుని చారలు చదివేది, ఆయన సరిచూసేవాడు. రెండు బండ్లలో అదే తప్పు దొరికింది. ఒకాయన నడివీధిలో, "చూపు లేనివాడికి ఈ పనెందుకు?" అని కేకలేశాడు. ఆవిడ మొహం ఎర్రబడింది. బాబాయ్ తలవంచుకుని పని పూర్తిచేసి, స్క్రూలు బిగించి, సంచి భుజాన వేసుకున్నాడు.

తరవాతి సోమవారం ఏడింటికి ఫోను మోగింది. "లేచింది, బాబాయ్," అని ఒక్క ముక్క చెప్పి ఆమె పెట్టేసింది. అవతల ఇంజను చప్పుడు వినపడింది.

ఆ గురువారం ఆసుపత్రికెళ్లి కంటి ఆపరేషనుకు చీటీ రాయించుకున్నాడు. షెడ్డు తలుపు మీద నెలరోజులు సెలవని సుద్దముక్కతో భార్యే రాసింది. ఆయన ఇంటికొచ్చి, నడుం వాల్చి, సాయంత్రం దాకా ఒళ్లెరగకుండా నిద్రపోయాడు.